సద్రీ మీద పూలు: మగవాళ్ళ బట్టల తారీఖ్‌లో మరిచిపోయిన ఒక పేజీ

పూల డిజైన్ అంటే ఆడవాళ్ళ బట్టలకే అనే ఖయాల్ మన దగ్గర బాగా పాతుకుపోయింది. షాదీల మౌసమ్‌లో సంగారెడ్డి బజార్లోనో పటాన్‌చెరులోనో దుల్హాకు షేర్వానీ, సద్రీ కొనేటప్పుడు చూడండి. కాలర్ మీద నాలుగు రాళ్ళు, జేబు దగ్గర సన్నని జరీ గీత ఉంటే "డీసెంట్‌గా ఉంది" అంటారు. ఛాతీ నిండా గులాబ్, నర్గిస్ బూటాలు ఉన్నది తీస్తే "ఇది ఆడోళ్ళ డిజైన్ భాయ్" అని పక్కన పెట్టేస్తారు. ఇంకొందరు దీనికి మజ్హబ్ రంగు కూడా పూస్తారు, మర్దులు పూలు తొడగడం మన తరీఖా కాదంటారు.

తారీఖ్ మాత్రం వేరే మాట చెబుతుంది. నాలుగు వందల ఏళ్ళ కిందట హిందుస్తాన్‌లో మహా ఖరీదైన పూల కషీదాకారీ చాలావరకు మగవాళ్ళ బట్టల మీదే ఉండేది. బాద్‌షా తొడిగేవాడు, అమీర్ తొడిగేవాడు, ఖిల్అత్‌గా అందుకున్నవాడు గర్వంగా తొడిగి దర్బార్‌కు వచ్చేవాడు. ఆ పూలు మగవాళ్ళ ఛాతీ మీద నుంచి ఎప్పుడు, ఎందుకు దిగిపోయాయో, ఇప్పుడు మన ఇలాకాలో ఎక్కడున్నాయో చూద్దాం.

ముందు లఫ్జ్ సంగతి. అరబీలో "సద్ర్" అంటే ఛాతీ. ఛాతీని కప్పేది కాబట్టి సద్రీ. ముందుండేది, పైనుండేది అనే మానీ కూడా ఆ మాటకే ఉంది. అందుకే సభకు అధ్యక్షుడు సద్ర్ అయ్యాడు. పోలీసు కాగితాల్లో "సదరు వ్యక్తి" అని రాస్తారు చూడండి, ఆ సదరు కూడా ఈ ఖాందాన్‌దే. ఉర్దూలో ఇంకో పేరు వాస్కట్, అది ఇంగ్లీషు వేస్ట్‌కోట్ నుంచి వచ్చింది. ఒకే బట్టకు రెండు పేర్లు, రెండు దారులు. తమాషా ఏమిటంటే ఆ రెండు దారులూ వెనక్కి నడిస్తే ఇరాన్ వైపే చూపిస్తాయి.

జహంగీర్ బాద్‌షా తన తుజుక్‌లో ఒక బట్ట గురించి రాసుకున్నాడు. ఖబా మీద తొడిగేది, చేతులు లేనిది, నడుము నుంచి తొడల కిందిదాకా వచ్చేది, ముందు గుండీలతో మూసేది. ఇరాన్ వాళ్ళు దాన్ని కుర్దీ అంటారని, తాను దానికి "నాదిరీ" అని పేరు పెట్టానని చెప్పాడు. నాదిర్ అంటే అపురూపమైనది. తాను ఇస్తే తప్ప ఎవరూ దాన్ని తొడగకూడదని హుకుం కూడా జారీ చేశాడు. అందుకే తుజుక్‌లో ఫలానా అమీర్‌కు నాదిరీ ఇచ్చాను అనే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. చేతుల్లేని కోటు ఒకటి ఇజ్జత్‌కు నిషానీ అయిపోయింది. మన సద్రీకి దగ్గరి బుజుర్గ్ ఎవరంటే నేను ఈ నాదిరీనే చూపిస్తాను.

ఆ కాలపు కోటు ఒకటి ఇప్పటికీ బతికే ఉంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1620-30 నాటి ముఘల్ కోటు ఉంది. గుర్రపు స్వారీకి తొడిగే, చేతుల్లేని మగవాళ్ళ కోటు. తెల్లటి సాటిన్ మీద పట్టు దారంతో, సన్నని గొలుసు కుట్టుతో నింపారు. పూల మొక్కలు, చెట్లు, కొండలు, వాటి మధ్య జింకలు, పులులు, నెమళ్ళు. మన వాళ్ళు తరచూ అంటుంటారు, తస్వీర్ మనా కాబట్టే ముస్లిం కారీగర్లు పూలు పట్టుకున్నారని. ఆ మాటలో కొంత నిజం ఉన్నా, ఈ కోటును చూస్తే సంగతి అంత సీదా కాదని అర్థమవుతుంది. జంతువులను కుట్టగలిగిన దర్బార్‌లోనే పూలు గెలిచాయి. ఇష్టంతో గెలిచాయి.

ఆ ఇష్టానికి ఒక తారీఖ్ కూడా చెప్పొచ్చు. 1620 వసంతంలో జహంగీర్ కశ్మీర్ వెళ్ళాడు. అక్కడి పూలు చూసి మతి పోయి, ఉస్తాద్ మన్సూర్‌తో వాటి తస్వీరులు గీయించాడు. మన్సూర్ గీసిన పూలు వందకు పైనే అని బాద్‌షాయే రాశాడు. ఆ ఉస్తాద్‌కు ఇచ్చిన ఖితాబ్ నాదిర్-ఉల్-అస్ర్, అంటే కాలానికే అపురూపం. కోటుకూ ముసవ్విర్‌కూ ఒకే లఫ్జ్! అదే కాలంలో యూరప్ నుంచి వచ్చిన వృక్షశాస్త్ర పుస్తకాల బొమ్మలు కూడా దర్బార్ ముసవ్విర్ల చేతిలో పడ్డాయి. ఒక మొక్కను వేరుగా నిలబెట్టి, కాండం, ఆకు, మొగ్గ, విచ్చిన పువ్వు అన్నీ కనిపించేలా గీసే పద్ధతి అలా ఖాయమైంది. దాన్నే మనం బూటా అంటున్నాం. 1632లో మొదలైన తాజ్‌మహల్ గోడల కింది భాగంలో రాతిలో నిలబడి ఉన్నవి ఆ బూటాలే. పట్కాల అంచుల మీదా, కోటుల మీదా ఉన్నవీ అవే.

దక్కన్‌లో ఈ బూటాకు సొంత ఘర్ ఉంది. మన సంగారెడ్డి నుంచి జహీరాబాద్ మీదుగా బీదర్ వెళ్ళే సడక్ తెలుసు కదా. బీదర్‌లో నల్లటి లోహం మీద వెండితో పొదిగిన హుక్కా బుడ్లు, పాన్‌దాన్లు చూడండి. గసగసాల మొక్క, తీగ, అష్రఫీ బూటీ, ఫూల్ జాలీ. బట్ట మీద సూది చేసిన పనినే లోహం మీద ఉలి చేసింది. నఖ్ష్ ఒకటే, మాధ్యమమే వేరు. ఇంకో సంగతి, నిజాం హుకూమత్‌లో మెదక్ సుబాను గుల్షనాబాద్ సుబా అని పిలిచేవారు. గుల్షనాబాద్ అంటే పూలతోట ఊరు. ఇప్పుడు పొగగొట్టాలు కనిపించే ఈ ఇలాకా కాగితాల మీద ఆ పేరుతోనే ఉండేది.

ఇక మజ్హబ్ సవాల్. పట్టు మగవాళ్ళకు మనా అనేది సహీ. దాన్ని మన బుజుర్గులు పక్కకు తోసేయలేదు. సహీహ్ ముస్లింలోని రివాయత్ ప్రకారం రెండు, మూడు, నాలుగు వేళ్ళ వెడల్పు పట్టుకు ఇజాజత్ ఉంది. అంచు మీద, గుండీల పట్టీ మీద వచ్చే సన్నని బేల్‌కు ఆ గుంజాయిష్ సరిపోతుంది. ఇంకా ఎక్కువ కావాలంటే నేతగాళ్ళే రాస్తా కనిపెట్టారు. "మష్రూ" అనే బట్ట పేరుకు అర్థమే షరీఅత్ ఇజాజత్ ఇచ్చినది అని. పడుగు పట్టు, పేక నూలు. పైకి పట్టు మెరుస్తుంది, ఒంటికి తగిలేది నూలు. హనఫీ ఫిఖ్‌లో పేక పట్టుది కాకపోతే హరజ్ లేదన్నారు. ఔరంగాబాద్ హిమ్రూ కూడా అలాంటి సోచ్ నుంచే పుట్టింది. నూలు నేత మీద పట్టు దారంతో పూలు తేలుతాయి. కింఖాబ్ కొనలేని వాళ్ళకు దాని జోడీలాంటిది. ఔరంగాబాద్ నిజాం రియాసత్‌లోదే కాబట్టి హైదరాబాద్‌లో హిమ్రూ షేర్వానీలకు, సద్రీలకు మంచి గిరాకీ ఉండేది. కాబట్టి షరీఅత్ అడిగింది ఒంటికి ఏ దారం తగులుతుందని. పువ్వు మగదా ఆడదా అని అడగలేదు.

ఇప్పుడు వాస్కట్ దారి. 1666 అక్టోబర్‌లో ఇంగ్లాండ్ రాజు రెండో చార్లెస్ తన దర్బార్‌లో ఒక కొత్త పోషాక్ మొదలుపెట్టాడు. సామ్యూల్ పెపీస్ అనే అఫ్సర్ తన రోజ్‌నామ్చాలో ఆ సంగతి రాశాడు. జాన్ ఎవ్లిన్ అనే ఇంకొకాయన దాన్ని పర్షియన్ తర్జ్ అని పిలిచాడు. వేస్ట్‌కోట్ పుట్టుక అక్కడే అంటారు. ఆగ్రాలో జహంగీర్, లండన్‌లో చార్లెస్, ఇద్దరి విషయంలోనూ ఇరాన్ పేరే వచ్చింది. తర్వాత నూరేళ్ళలో ఆ బట్ట పొట్టిదైంది, చేతులు పోయాయి, పూలు వచ్చాయి. 18వ సదీలో పారిస్, లండన్ అమీర్ల వేస్ట్‌కోట్ల ముందు అంచుల మీద, జేబు మూతల మీద, కింది మూలల మీద రంగు రంగుల పట్టు పూలు. వెనక వైపు మాత్రం సస్తా సాదా బట్ట, పైన కోటు కప్పేస్తుంది కదా!

ఆ పూలలో మన వాటా ఉంది. మచిలీపట్నం తీరం నుంచి ఓడలెక్కిన కలంకారీ పూల బట్టలు యూరప్‌ను అంత దీవానా చేశాయి కాబట్టే ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లాండ్ 1700, 1721లలో వాటి మీద చట్టాలు తెచ్చాయి. అక్కడి పట్టు, ఉన్ని కార్మికులు తమ రోజీ పోతోందని గగ్గోలు పెట్టారు. కుట్టులోనూ మన వాటా ఉంది. కొక్కెం సూదితో గొలుసు కుట్టు వేసే ఆరీ పని గుజరాత్ మోచీల హునర్. తోలు కుట్టే పనిముట్టు సన్నబడి బట్ట మీదికి వచ్చింది. తెలుగు పల్లెల్లో చెప్పులు కుట్టేవారి చేతిలోని ఆరె, కారీగర్ చేతిలోని ఆరీ రెండూ ఒకే ఖాందాన్. ఈ కుట్టు తూర్పు నుంచి యూరప్ చేరి, అక్కడ టాంబూర్ పని అనే పేరు తెచ్చుకుంది. ఫ్రాన్స్ రాజు దగ్గర డిజైన్లు గీసే సాంత్-ఓబాన్ 1770లో కషీదా పని మీద రాసిన కితాబ్‌లో దాని వివరం ఉంది. పారిస్ మర్దులు పూల వాస్కట్ తొడిగి సలాం కొట్టుకుంటున్నప్పుడు ఆ పూలలో కొన్ని మన మోచీ కుట్టుతోనే విచ్చుకున్నాయి.

పని ఎలా జరుగుతుందో చెప్పకుండా ఈ తారీఖ్ అర్థం కాదు. సద్రీని కుట్టేశాక పూలు వేయరు. ముందు బట్టను కార్చోబ్ మీద, అంటే చెక్క చట్రం మీద బిగిస్తారు. కార్ఖానాల్లో దీన్నే అడ్డా అంటారు. దర్జీ ఇచ్చిన నాప్ ప్రకారం సద్రీ రెండు ముందు భాగాల గీత బట్ట మీద వేస్తారు. పూల డిజైన్‌ను పల్చటి కాగితం మీద గీసి, గీత పొడవునా సూదితో చిన్న చిన్న చిల్లులు పొడుస్తారు. అదే ఖాకా. దాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని గుడ్డతో రుద్దితే చిల్లుల్లోంచి చుక్కలు కిందికి దిగి డిజైన్ పడుతుంది. ఎడమ వైపు అయ్యాక అదే ఖాకాను తిరగేసి కుడి వైపు రుద్దుతారు. అద్దంలో చూసినట్టు రెండు వైపులా జోడీ కుదురుతుంది. గుండీలు పెట్టినప్పుడు తీగకు తీగ, పువ్వుకు పువ్వు కలవాలంటే ఇదొక్కటే సులువు. పని అయిపోయాకే బట్టను చట్రం నుంచి విప్పి దర్జీ కత్తెర పెడతాడు, అస్తర్ వేస్తాడు. పాత ఫ్రాన్స్‌లోనూ ఇదే తరీఖా. వేస్ట్‌కోట్ పూలను కత్తిరించని బట్ట మీదే కుట్టి అమ్మేవారు, కొన్నవాడు తన దర్జీ దగ్గర తన ఒంటికి కత్తిరించుకునేవాడు.

ప్రతి చోటికీ ఒక పేరుంది. అంచు వెంట నడిచేది హాషియా, తీగలా సాగేది బేల్, కింది మూలల్లో కూర్చునేది కోనియా, మైదానమంతా చల్లినట్టుండేది బూటీ, ఒంటరిగా నిలబడే మొక్క బూటా, ఒకదానితో ఒకటి అల్లుకుంటే జాల్, మామిడి పిందె ఆకారం కేరీ. జర్దోజీ సామాన్‌కూ పేర్లున్నాయి. కలాబత్తు, సల్మా, సితారా, దబ్కా, నక్షీ, బద్లా. స్ప్రింగులాంటి దబ్కాను చిన్న ముక్కలుగా కత్తిరించి, పూసలా సూదికి ఎక్కించి కుడతారు. ఆరీలో అయితే ఎడమ చెయ్యి బట్ట కింద దారం అందిస్తుంది, కుడి చెయ్యి పై నుంచి కొక్కెంతో ఆ దారాన్ని ఉచ్చులా పైకి లాగుతుంది. కళ్ళు, వెన్ను రెండూ ఈ పనికి ఖర్చయిపోతాయి.

హైదరాబాద్‌లో ఈ హునర్‌కు బహార్ ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కాలం. 1869 నుంచి 1911 దాకా ఆయన హుకూమత్. పురానీ హవేలీలో ఆయన బట్టల కోసం కట్టిన రెండంతస్తుల చెక్క అల్మారా ఇప్పటికీ ఉంది, ఒక మనిషి బట్టలకు ఒక గల్లీ అంత పొడవు. ఒకసారి తొడిగింది మళ్ళీ తొడిగేవాడు కాదని జనం చెప్పుకుంటారు. ఆ దర్బార్ తస్వీరులు తీసింది రాజా దీన్‌దయాళ్. ఆయన కాలపు ఫోటోల్లో నవాబుల పోషాక్ మీద తీగలు, బూటాలు కనిపిస్తాయి గానీ రంగులు కనిపించవు. నలుపు తెలుపు ఫోటోలు చూసీ చూసీ మన తాతల కాలం బట్టలు కూడా నల్లగా, సాదాగానే ఉండేవని మనం నమ్మేశాం అనిపిస్తుంది నాకు.

పూలు దిగిపోవడానికి అసలు వజహ్‌లు మూడు. మొదటిది యూరప్ గాలి. 19వ సదీలో అక్కడి మర్దులు రంగులు, పూలు వదిలి నల్ల సూట్లలోకి వెళ్ళారు. దఫ్తర్, ఫ్యాక్టరీ, బ్యాంకు నడిపేవాడు గంభీరంగా కనిపించాలనే సోచ్ అది. హైదరాబాద్ షేర్వానీ కూడా ఆ దఫ్తర్ గాలిలోనే ముదురు రంగు, నిటారు కాలర్ పోషాక్‌గా స్థిరపడింది. 1911లో గద్దె ఎక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సాదా పోషాక్‌కే మషహూర్. రాజు సాదాగా ఉంటే దర్బార్ ఎంతకాలం మెరుస్తుంది?

రెండోది మెషీన్. 1828లో ఫ్రాన్స్ మ్యుల్‌హౌస్‌లో జోసువే హైల్మన్ చేతి కషీదా యంత్రం చేశాడు, 1863లో స్విట్జర్లాండ్‌లో ఇజాక్ గ్రోబ్లీ షిఫ్లీ యంత్రం చేశాడు. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ హిందుస్తాన్ బట్టల 700 నమూనాలను 18 జిల్దుల్లో అతికించి, అలాంటి 20 సెట్లు తయారుచేయించాడు. మన జనం ఏం తొడుగుతారో చూసి బ్రిటన్ మిల్లులు అలాంటిదే నేసి మనకే అమ్మాలన్నది మక్సద్. నకలు కొత్త సంగతేమీ కాదు.

మూడోది మన ఇంటి సంగతి. 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్, 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు. జాగీర్లు పోవడం రైయ్యత్‌కు మంచిదే జరిగింది, అందులో నాకు షక్ లేదు. కానీ ఆ డ్యోఢీల మీద బతికిన కారీగర్, దర్జీ, రంగ్‌రేజ్ జాగీర్‌దార్లు కారు. మాలిక్ తన ఇల్లు అమ్ముకుని బతికాడు. కారీగర్‌కు అమ్ముకోవడానికి చేతులు తప్ప ఏముంది? ఆ తర్వాత వాళ్ళకు దిక్కైంది షాదీ బజార్, అది ముఖ్యంగా దుల్హన్ బజార్. పూలన్నీ ఖడా దుపట్టా వైపు, గాగ్రా వైపు, ఆ తర్వాత బ్లౌజుల వైపు నడిచాయి. హిమ్రూ, మష్రూ నేతలను మళ్ళీ బతికించడానికి సురయ్యా హసన్ బోస్ రాయదుర్గంలో మగ్గాలు పెట్టి, బేవా ఔరతులకు నేత నేర్పించి, 2021లో ఇంతెఖాల్ అయ్యేదాకా చేసిన ఖిద్మత్ ఈ తారీఖ్‌లో చిన్నది కాదు.

ఇక మన ఇలాకా. బీహెచ్‌ఈఎల్, ఆ తర్వాత 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ఫ్యాక్టరీలు. పొలం వదిలినవాడు, మగ్గం వదిలినవాడు, అడ్డా వదిలినవాడు అందరూ షిఫ్టు డ్యూటీకి వచ్చారు. బిహార్, బెంగాల్, యూపీ, ఒడిశా నుంచి కూడా వచ్చారు. అదే బస్తీల్లో, రామచంద్రాపురం నుంచి సంగారెడ్డి దాకా, గల్లీ గల్లీకి "మగ్గం వర్క్ చేయబడును" అనే బోర్డు కనిపిస్తుంది. లోపలికి వెళ్తే మగ్గం ఉండదు, కార్చోబ్ ఉంటుంది. తెలుగు వాళ్ళు అడ్డాకు పెట్టుకున్న పేరు అది. అదే ఆరీ, అదే ఖాకా, అదే చిల్లుల కాగితం. బ్లౌజు వీపు మీద పడుతున్న ఆ బేల్ ఒకప్పుడు నవాబు సద్రీ అంచు మీద నడిచింది. కారీగర్ ముస్లిం, కొనేది ఎక్కువగా హిందూ పెళ్ళికూతురు. ఈ రిష్తా గురించి ఎవరూ స్పీచులు ఇవ్వరు, అడ్వాన్సు ఇచ్చి డేటు రాయించుకుంటారు, అంతే.

పక్క దుకాణంలో కంప్యూటర్ వర్క్ మెషీన్ టకటకమంటూ అదే పువ్వును క్షణాల మీద దింపుతుంది. దాన్ని తిట్టి లాభం లేదు. ఫ్యాక్టరీ జీతం మీద బతికే ఇంట్లో పిల్ల పెళ్ళికి నాలుగు పువ్వులు ఆ మెషీన్ వల్లే అందుతున్నాయి. నా ఫికర్ వేరే. ఉస్తాద్ దగ్గర పని నేర్చిన కుర్రవాడికి బేల్, కోనియా, హాషియా అనే లఫ్జులు వచ్చేవి, ఒక్కో పువ్వు ఎక్కడ కూర్చోవాలో తెలిసేది. ఇప్పుడు ఫోన్‌లో ఫోటో వస్తుంది, "ఇది కొట్టెయ్" అంటారు. పేరు పోతే పువ్వు కూడా ఎక్కువ కాలం నిలవదు. అడ్డా ముందు వెన్ను వంచినవాడికి ఫ్యాక్టరీ గేటు దగ్గర దొరికే కూలీ కూడా దొరకనప్పుడు తన బేటాను దాని ముందు ఎందుకు కూర్చోబెడతాడు?

అందుకని రెండు మాటలు. మీ ఇంట్లో తాతల నాటి సద్రీ, షేర్వానీ సందూక్‌లో ఉంటే జరీ కరిగించడానికి అమ్మేయకండి. ఫోటో తీయండి, వెనక అస్తర్ ఎత్తి కుట్టు చూడండి. మీ బస్తీలో ఉస్తాద్ ఉంటే ఆయన దగ్గర పాత ఖాకాల కట్ట ఉండే ఉంటుంది, చెదలు పట్టకముందే నకలు తీసి పేర్లు రాయించి పెట్టండి. 1796 నాటి సంగారెడ్డి జైలును 2016లో మ్యూజియం చేసి జనానికి చూపించగలిగినప్పుడు, గుల్షనాబాద్ కారీగర్ల ఖాకాలకు ఒక గోడ దొరకదా?

ఇంకొకటి దుల్హాలకు. సద్రీ కొనేటప్పుడు దుకాణంలో కాసేపు ఆగి, ఒక హాషియా, రెండు కోనియాలు చేతితో వేయించుకోండి. ఖర్చు కొంచెం ఎక్కువే అవుతుంది. ఆ పైసా మీ గల్లీలోని ఒక ఇంటి చూల్హా దగ్గరికి వెళ్తుంది. ఎవరైనా ఆడోళ్ళ డిజైన్ అంటే, జహంగీర్ బాద్‌షా నాదిరీ సంగతి చెప్పండి.